తొమ్మిదో తరగతికి సభాధ్యక్షులు

రానున్న విద్యా సంవత్సరానికి ప్రతి పాఠశాలా తన బడ్జెట్టు తానే వేసుకోవలెనని మార్చి నెలలో ఉత్తర్వు వచ్చింది. ఎంత డబ్బు వస్తుందో ఉత్తర్వులో లేదు. అసలు వస్తుందో రాదో కూడా లేదు. ఎప్పటిలోగా పంపాలో మాత్రం స్పష్టంగా ఉంది: నిన్న సాయంత్రం ఐదింటిలోగా.

నల్లరాతిపాలెం జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు రత్నకుమారి ఆ ఉత్తర్వును సెల్‌ఫోనులో రెండుసార్లు చదివి, మండల కేంద్రంలో సమావేశానికి బస్సెక్కింది. ఆమెది శావల్యాపురం. లెక్కల టీచరుగా ఇరవయ్యేళ్లు చేసి ఏడాది కిందటే పదోన్నతి పొందిన మనిషి. కాబట్టి రాబడి తెలియకుండా ఖర్చు వేసే విద్య ఆమెకింకా అబ్బలేదు.

మండల విద్యాశాఖాధికారి ప్రభాకరరావు గారు చాలా మంచివారు. సర్వీసు మొత్తంలో ఏ కాగితాన్నీ కోపంతో తిప్పి పంపలేదు. నవ్వుతూనే తిప్పి పంపారు.

“ఎక్కువ వేస్తే దురాశ అంటారు. తక్కువ వేస్తే మీకు అవసరం లేదంటారు. వచ్చేంత వేయండి, చాలు,” అన్నారాయన.

“ఎంత వస్తుంది సార్?” అంది రత్నకుమారి.

“మీరు వేసినదాన్ని బట్టి వస్తుందమ్మా.”

“ఎంతొస్తుందో తెలిస్తే గదా సార్ వేసేది.”

“నేను చెప్పేదీ అదేగా!” అన్నారు ప్రభాకరరావు గారు సంతోషంగా. అందరూ ఆ మాట రాసుకున్నారు.

వెనక వరసలో ఒక పెద్దాయన, ఉగాది దగ్గర్లోనే ఉంది గనుక పంచాంగంలో ఆదాయ వ్యయాలు చూసి వేస్తే సరిపోతుందన్నాడు. ఆయన హాస్యానికే అన్నాడు. కానీ అంతకన్నా ఆధారం ఇంకొకటి లేకపోవడం వల్ల సమావేశం దాన్ని సీరియస్‌గా తీసుకుంది. బడి రాశి చూడాలా, ప్రధానోపాధ్యాయుడి రాశి చూడాలా అన్నదానిమీద అరగంట చర్చ జరిగింది. చివరికి ఎవరి రాశి వాళ్లు చెప్పాలని తేలింది.

“మీ నక్షత్రం ఏందమ్మా?” అని రత్నకుమారిని అడిగారు.

“మాకు బాప్తిస్మం తారీఖు ఉంటది గానీ నక్షత్రం ఉండదు సార్.”

“అయితే మీ బడికి కొంచెం కష్టమే,” అన్నారు ప్రభాకరరావు గారు నిజమైన జాలితో.

ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు ఉన్న రాశివాళ్లు మాత్రం, తమ బడి పరిస్థితిని ఇంత ఖచ్చితంగా ఏ ఆడిటరూ ఇంతవరకు చెప్పలేదని ఒప్పుకున్నారు.

రత్నకుమారికి కావలసింది నిజానికి ఒకే ఒక్కటి. తొమ్మిదో తరగతి గదికి పైకప్పు. పాత స్లాబు పెచ్చులూడి చువ్వలు బయటికొచ్చాయి. ఇంజనీరు వచ్చి, గదిలోకి అడుగు పెట్టకుండానే, ప్రమాదకరమని రాసిపోయాడు. గది మూసేసి పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టారు. వాన వచ్చిన రోజు తొమ్మిదో తరగతికి సెలవు. ఇలా ఉండగా ఇంకో ఉత్తర్వు వచ్చింది. దసరా సెలవులలోగా సురక్షితమైన గది చూపకపోతే తొమ్మిది, పది తరగతులను రెండు ఊళ్ల అవతల ఉన్న ఉన్నత పాఠశాలలో కలిపివేస్తారట. పిల్లల భద్రతపట్ల ఇంత శ్రద్ధ చూపినందుకు ఊరు సంతోషించి ఉండవలసింది.

గేటుకెదురుగా సైకిళ్లకు పంక్చర్లు వేసే మీరా సాహెబు మాత్రం సంతోషించలేదు. ఆయన మనవరాలు యాస్మిన్ ఎనిమిది పూర్తిచేసి తొమ్మిదికి వస్తోంది.

“మేడమ్, ఊళ్లో ఉన్నంతకాలం చదివిస్తా. ఆటోలెక్కి అంత దూరం పోవాలంటే మా కోడలు పంపదు, నేనూ పంపను,” అన్నాడాయన పానా కింద పెట్టకుండానే.

“మరి ఏం చేస్తది సాయిబు గారూ?”

“ఏం చేస్తది? మిరపకోతలకి పోయిద్ది. వాళ్లమ్మతో పాటు.”

రత్నకుమారి ఆ రోజు తిన్నగా ఊరి పెద్ద అంకారావు ఇంటికెళ్లింది. అంకారావుకు మిర్చి ఉంది, నాపరాయి క్వారీ ఉంది, ఎడ్లబండ పందేల కమిటీకి అధ్యక్షపదవి ఉంది. ఎద్దులు బండ లాగడం చూడటానికి నాలుగు జిల్లాల జనాన్ని పిలిచి భోజనం పెట్టగల చేయి. ఆమె చెప్పిందంతా ఆయన శ్రద్ధగా విన్నాడు.

“ప్రభుత్వ బడి మేడమ్. ప్రభుత్వం చూసుకోవాల. మనం చేయి పెట్టామనుకో, వాళ్లకి అలవాటైపోయిద్ది,” అన్నాడు. ప్రభుత్వాన్ని సోమరిపోతును చేయకూడదన్న ఆయన పట్టుదలకు ఎవరైనా నమస్కరించాలి. రత్నకుమారి నమస్కరించి వచ్చేసింది.

మొదటి బడ్జెట్టులో ఆమె పైకప్పు రాసింది. “నిధులు వచ్చు అవకాశం లేని పద్దులు రాయరాదు” అని తిరిగొచ్చింది. పైకప్పు తీసేసి రెండోది పంపింది. “గది శిథిలమై ఉండగా ఆ పద్దు ఏల రాయలేదో సంజాయిషీ ఇవ్వవలెను” అని తిరిగొచ్చింది. మూడోసారి ఆమెకు విసుగొచ్చింది. ఆ విసుగులో యాప్ తెరిచి ఇలా టైపు చేసింది: “నిధులు వచ్చినచో పైకప్పు. రానిచో ప్రార్థన.”

అది మంజూరైంది. ప్రార్థనకు వ్యయం శూన్యం గనుక ఆమోదించడమైనదని పచ్చటి టిక్కుతో సహా వచ్చింది.

పైవాళ్లు అన్ని బడ్జెట్లూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే, ఆదాయానికీ వ్యయానికీ పైసా తేడా లేనిది నల్లరాతిపాలెం ఒక్కటే కనబడింది. ఇటు సున్నా, అటు సున్నా. ఇటువంటి సమతూకం తాము ఎన్నడూ చూడలేదని వారు ముగ్ధులయ్యారు. జూన్‌లో బడులు తెరిచేసరికి, నల్లరాతిపాలెం పాఠశాలను “నిధులపై ఆధారపడని ఆదర్శ పాఠశాల”గా ప్రకటిస్తూ, ప్రధానోపాధ్యాయురాలిని స్వయంగా సన్మానించడానికి రాష్ట్ర నిధుల పొదుపు మండలి ఉపాధ్యక్షుల వారు విచ్చేస్తున్నారని కబురు వచ్చింది.

నిధులు అవసరం లేని బడిని చూడటానికి పెద్దలు వస్తున్నారంటే నిధులు అవసరమే కదా. ప్రభాకరరావు గారు కారు వేసుకుని దిగారు. అంకారావు పెద్దమనుషుల్ని పోగేశాడు. గంటలో చందాలు మొదలయ్యాయి. మార్చిలో ప్రభుత్వాన్ని పాడు చేయకూడదని చేతులు కట్టుకు కూర్చున్నవాళ్లే, జూన్‌లో ఒకరిమీద ఒకరు పోటీపడి పేర్లు రాయించారు. క్వారీవాళ్లు నాపరాళ్లన్నారు, సిమెంటు కొట్టువాళ్లు సిమెంటన్నారు. పైనుంచి కూడా, ఏ పద్దు కిందనో అడగవద్దన్న షరతుమీద, కొంత సొమ్ము వచ్చింది.

రత్నకుమారి ఈ ఉత్సాహమంతా గుమ్మంలో నిలబడి చూసింది. మొదట ఆమెకు కడుపు మండింది. ఇంటికి, నరసరావుపేట వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక మంట చల్లారింది. ఊరు దాటేసరికి ఆమెకు నవ్వొచ్చింది. పక్కసీటులో ఆవిడ ఎందుకని అడిగితే, “ఏం లేదండీ, ఒక లెక్క తెగింది,” అంది.

మర్నాడు అంకారావు షామియానాకు కబురంపుతుంటే ఆమె ఆపింది.

“షామియానా వద్దండీ. వానకాలం. ఉపాధ్యక్షుల వారి నెత్తిన కారితే ఊరి పరువేం గాను? స్లాబు వేసి పక్కా వేదిక కట్టాల్సిందే.”

అంకారావుకు అది నచ్చింది. “ఎక్కడ కడదాం?”

“ఆ పాత గది ఉందిగా. అది పడగొడితే పునాది ఎత్తుగా ఉంది.”

ఆ గదిని పడగొట్టడానికి బడి రెండేళ్లుగా అడుగుతున్న అనుమతి, “వేదికకు అడ్డుగా ఉన్న కట్టడం” అని రాసేసరికి ఆ సాయంత్రానికే వచ్చింది. తర్వాత పనులు ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. గాలికి ఫ్లెక్సీ ఎగిరిపోకుండా వెనక గోడ కావాలంది. పక్కనుంచి జల్లు కొట్టకుండా రెండు పక్క గోడలు కావాలంది. టీవీవాళ్లకు వెలుతురు చాలదని కిటికీలు పెట్టించింది. ఉపన్యాసానికి ఉక్కపోయకూడదని ఫ్యాన్లు. ముందు వైపు గొడ్లు ఎక్కకుండా ఇనుప గ్రిల్లు. పెద్దలకు విశ్రాంతి గది అని, వెనక ఆడపిల్లలకు బాత్రూము; పెద్దలకు కాళ్లు కడుక్కోవడానికని, దానికి కుళాయి.

“వెనక గోడకి రంగేం వేద్దాం మేడమ్?” అని మేస్త్రీ అడిగాడు.

“నలుపు.”

“నలుపా!” అన్నాడు అంకారావు. “శుభమా అని వస్తుంటే నలుపేందమ్మా?”

“తెల్ల చొక్కాలు నలుపు మీద ఎట్టా కొట్టొచ్చినట్టు పడతాయో ఫోటోగ్రాఫరుని అడగండి.”

అంకారావు తన చొక్కా వంక చూసుకున్నాడు. గోడకు నలుపు వేశారు.

ఉపాధ్యక్షుల వారి పర్యటన మూడుసార్లు వాయిదా పడింది. అందువల్ల స్లాబుకు నీళ్లు బాగా పట్టాయి. ఆలస్యం వల్ల గట్టిపడిన ప్రభుత్వ కార్యక్రమం బహుశా ఇదొక్కటే.

ఆగస్టులో ఉపాధ్యక్షుల వారు వచ్చారు. తొమ్మిదో తరగతి పిల్లలు ఎండలో నిలబడి పూలు చల్లారు. ఆయన నాపరాయి మెట్లెక్కి, నల్లగోడ ముందు ఆగి, దానివంక చాలాసేపు చూశారు.

“ఇదేమిటి, నల్లగా?”

ప్రభాకరరావు గారి ముఖం తెల్లబడింది. “ఫోటో బాగా వస్తుందని సార్,” అంది రత్నకుమారి. ఉపాధ్యక్షుల వారు గోడకు మరింత దగ్గరగా జరిగి, కండువా సర్దుకున్నారు. ఫోటో నిజంగానే బాగా వచ్చింది.

అప్పుడు ఆయన ప్రసంగించారు:

“సోదర సోదరీమణులారా! పక్షికి ఎవరు బడ్జెట్టు ఇచ్చారు? చెట్టుకు ఎవరు గ్రాంటు విడుదల చేశారు? అయినా పక్షి ఎగురుతోంది, చెట్టు కాస్తోంది. అలాగే ఈ బడి నడుస్తోంది. ఏమీ ఇవ్వకపోయినా నడవగల బడే అసలైన బడి. ఇకముందు కూడా ఎటువంటి నిధులూ ఇచ్చి ఈ పాఠశాల ఆత్మగౌరవాన్ని దెబ్బతీయబోమని ఈ సభాముఖంగా హామీ ఇస్తున్నాను!”

చప్పట్లు మిన్నుముట్టాయి. ఆయన చేసిన హామీలన్నిటిలో ఇది తప్పక నెరవేరుతుందని అందరికీ నమ్మకం కుదిరింది. రత్నకుమారికి జరీ అంచు శాలువా కప్పారు. ఆమె నమస్కరించి, శాలువా మడిచి సంచిలో పెట్టుకుంది.

మర్నాడు ఆమె తొమ్మిదో తరగతిని వెంటబెట్టుకుని వెళ్లేసరికి గ్రిల్లుకు తాళం ఉంది. తాళం అంకారావుది. వచ్చే శివరాత్రి పందేల బహుమతి ప్రదానం వరకు వేదికను ఎవరూ ముట్టుకోరాదని ఆయన ఆజ్ఞ. వాన మొదలైంది. పిల్లలు వరండాలోకి పరుగెత్తారు. జల్లు అక్కడికీ కొడుతుంటే, కొత్త స్లాబు కింద పొడిగా ఉన్న ఖాళీ కుర్చీల వంక గ్రిల్లులోంచి చూస్తూ నిలబడ్డారు. యాస్మిన్ సంచీ నెత్తిన పెట్టుకుంది.

“ఇయ్యాల సెలవా మేడమ్?”

“కాదు,” అంది రత్నకుమారి. గొడుగు తీసుకుని అంకారావు ఇంటికి నడిచింది. దారి పొడుగునా ఆయన్ని ఏమేం అనాలో కూడబలుక్కుంది. వాటిలో ఒకటి రెండు శావల్యాపురం మాటలు ఇక్కడ అచ్చు వేయదగినవి కావు. కానీ అరుగు మీద ఆయన్ని చూడగానే, ఆ మాటలన్నీ మింగేసింది. తిట్టు వల్ల ఆమె కోపం తీరుతుందేగాని తాళం రాదు.

అంకారావే ముందు అందుకున్నాడు. “పిల్లల్ని ఎక్కిద్దామనేగా వచ్చావు? గోడలు గీకేస్తారమ్మా. చానామంది పెద్దోళ్ల సొమ్ము అది. నేను ఒప్పుకోను.”

“పిల్లల మాట ఎవరెత్తారండీ? సభ పెడదామని వచ్చాను.”

“ఏం సభ?”

“విద్యా సభ. ఈ పూటే. అధ్యక్షులు మీరే.” ఆమె సంచిలోంచి శాలువా తీసి చూపించింది.

అంకారావు లేచి నిలబడ్డాడు. “వక్త ఎవరు?”

“నేనేనండి.”

“అంశం?”

“రెండు చరరాశుల్లో రేఖీయ సమీకరణాలు.”

అంకారావు కాసేపు ఆలోచించాడు. “మంచి అంశమే. ఊరికి పనికొచ్చేదే,” అని ఇస్త్రీ చొక్కా కోసం లోపలికి వెళ్లాడు.

ఆ విధంగా నల్లరాతిపాలెం తొమ్మిదో తరగతి లెక్కల పీరియడు అంకారావు గారి అధ్యక్షతన ప్రారంభమైంది. కింద వాన పడుతున్నందున సభికులు కూడా వేదిక మీదే కూర్చున్నారు. అధ్యక్షుడు శాలువాతో మధ్యలో కూర్చుని, ప్రతి సమీకరణానికీ గంభీరంగా తల ఊపాడు. యాస్మిన్ లేచి నల్లగోడ మీద సుద్దముక్కతో ఒక లెక్క చేసింది. ఎక్కడా తడబడలేదు, ఎక్కడా చెరపలేదు. అంకారావు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టాడు. సుద్దగీతల సంగతి ఆయనకు గుర్తు రాలేదు. చివర అధ్యక్షోపన్యాసం చేశాడు.

“ఈ ఎక్స్ ఎవరో, వై ఎవరో నాకు తెలవదు గానీ, ఇద్దరూ కలిసిమెలిసి ఉంటే ఊరికి మంచిదని నా మనవి.”

దిగేటప్పుడు తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. “నీ దగ్గరే ఉంచమ్మా. మళ్లా సభ ఉంటే కబురు చెయ్యి.”

“రేపు కూడా ఉందండీ,” అంది రత్నకుమారి.

మూడో రోజుకల్లా ఊళ్లో అవతలి వర్గం పెద్ద వెంకట్రామయ్య బడికొచ్చాడు. అన్ని సభలకూ ఒక్క వర్గం వాళ్లే అధ్యక్షులైతే ప్రజాస్వామ్యం ఏం కావాలని నిలదీశాడు. అతని ఆవేదన న్యాయమైనదే. అప్పట్నుంచి లెక్కలకు అంకారావు వర్గం, సైన్సుకు వెంకట్రామయ్య వర్గం అధ్యక్షత వహించేటట్టు ఒప్పందమైంది. సోషలు పాఠం మాత్రం అధ్యక్షుడు లేకుండానే జరగాలని రత్నకుమారి పట్టుబట్టింది. ఊళ్లో శాంతిభద్రతలు ముఖ్యం.

దసరా ముందు ఇంజనీరు తనిఖీకి వచ్చాడు. ప్రమాదకరమైన గది ఎక్కడని అడిగాడు. లేదన్నారు. కొత్త గది ఉందా అన్నాడు. అదీ లేదు, వేదిక ఉందన్నారు. ప్రమాదకరమైన గది లేదు గనుక తరలించడానికి కారణమూ లేదని రాసుకుని, వేదిక మీద ఆ పూట జరుగుతున్న ధ్వని ప్రతిధ్వనుల సభకు చేతులు జోడించి వెళ్లిపోయాడు. తరలింపు ఉత్తర్వు రద్దయింది. ప్రజల భాగస్వామ్యం నూటికి నూరు శాతం అని ప్రభాకరరావు గారు పైకి రాశారు. మీరా సాహెబు గేటు దాటి లోపలికొచ్చి, వేదిక మెట్టు మీద కాసేపు కూర్చుని వెళ్లాడు. మిరపకోతల కాలం వచ్చింది, పోయింది. యాస్మిన్ హాజరుపట్టీలోనే ఉంది.

ఇప్పటికీ అక్కడ రోజూ సభ జరుగుతోంది. అధ్యక్షులు వంతులవారీగా వస్తారు, ఓపిగ్గా వింటారు, విద్య యొక్క ఆవశ్యకతను గురించి రెండు ముక్కలు చెబుతారు. ఒక్కటే ఇబ్బంది. సాయంత్రమయ్యేసరికి ఎవరూ కుర్చీలో నిలవరు. సమీకరణం సగంలో ఉన్నా సరే, శాలువా తీసి బల్ల మీద పెట్టి గబగబా రోడ్డుమీదికి వెళతారు. పిడుగురాళ్ల ప్రైవేటు బడి పచ్చబస్సు వచ్చే వేళ అది. వాళ్ల పిల్లలు, మనవలు దిగేది అందులోంచే.

“మేడమ్, అధ్యక్షుల వాళ్ల పిల్లలు మన సభకి రారా?” అని యాస్మిన్ ఒకరోజు అడిగింది.

రత్నకుమారి సుద్దముక్క అందించింది. ఆమె కూతురు పింకీ నరసరావుపేటలో ఎక్కేదీ అలాంటి పచ్చబస్సే. “లెక్క చెయ్యమ్మా,” అంది గోడవైపు తిరిగి.

చదువరులలో ఎవరికైనా అధ్యక్షత వహించాలని ఉంటే వచ్చే నెలలో కొన్ని పీరియడ్లు ఖాళీగా ఉన్నాయి. శాలువా బడివాళ్లే ఇస్తారు. చదువు మీద మీకున్న అభిమానం చాలు, వేరే అర్హతలు అక్కర్లేదు. మీ పిల్లలు ఏ బడిలో చదువుతున్నారని అక్కడ ఎవరూ అడగరు. అడిగే ఆచారమే ఉంటే, ఆ కుర్చీ అవసరమే వచ్చేది కాదు.